స్లాష్ డాక్స్ కొడితే వచ్చేది స్పెక్ షీట్ మాత్రమే: ఆటోమేటిక్ ఏపీఐ డాక్యుమెంటేషన్ మీద నా గోల

ఈ సైట్‌కి వచ్చేవాళ్ళలో చాలామంది ఫోన్ కొనే ముందు స్పెక్ షీట్ చూస్తారు, తర్వాత రివ్యూ చూస్తారు. ఎందుకంటే మనందరికీ ఒకసారైనా దెబ్బ తగిలింది. బాక్స్ మీద 5000 ఎంఏహెచ్ అని ఉంటుంది, సాయంత్రం ఐదింటికల్లా ఫోన్ చార్జింగ్‌కి పెట్టాల్సి వస్తుంది. 50 మెగాపిక్సెల్ అని ఉంటుంది, రాత్రి పెళ్ళి ఊరేగింపులో ఫోటో తీస్తే పెళ్ళికొడుకు ఎవరో తెలీదు. స్పెక్ షీట్‌లో అబద్ధం ఏమీ లేదు. అవసరమైన ముక్క కూడా లేదు.

నేను బ్యాకెండ్ రాసే మనిషిని. ఫోన్‌లో మీరు బటన్ నొక్కితే అవతల సర్వర్‌లో జరిగే పని మాది. యాప్ రాసేవాళ్ళు మా సర్వర్‌తో ఎలా మాట్లాడాలో చెప్పే కాగితమే ఏపీఐ డాక్యుమెంటేషన్. ఈ రోజుల్లో దాన్ని ఎవరూ చేత్తో రాయట్లేదు, కోడ్ నుంచి దానంతట అదే తయారవుతుంది. చాలా మంచి విషయం. కానీ గత ఏడాది నాకు జరిగింది చూశాక, ఆ తయారయ్యేది స్పెక్ షీట్ మాత్రమేననీ, దాన్ని రివ్యూ అనుకుంటే డబ్బులు పోతాయనీ నా అభిప్రాయం. పోయింది నా డబ్బులు కాదు, అదే ఇంకా బాధ.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చెప్పాలి. మేం వాడేది పైథాన్‌లో ఫాస్ట్‌ఏపీఐ. 2018 డిసెంబర్‌లో మొదటి వెర్షన్ వచ్చింది, సెబాస్టియన్ రామిరెజ్ అనే ఆయన మొదలుపెట్టారు. ఇందులో మనం ఫంక్షన్ రాసేటప్పుడు ఏ ఇన్‌పుట్ ఏ టైపో రాస్తాం: ఇది నంబర్, ఇది అక్షరాలు, ఇది తేదీ అని. పెద్ద డేటా అయితే పైడాంటిక్ మోడల్ అని ఒక క్లాస్ రాస్తాం. ఫాస్ట్‌ఏపీఐ ఆ టైపులన్నీ చదివి, ఓపెన్‌ఏపీఐ అనే పద్ధతిలో ఒక జేసన్ ఫైల్ తయారు చేస్తుంది. బ్రౌజర్‌లో అడ్రస్ చివర స్లాష్ డాక్స్ అని కొడితే ఆ ఫైల్‌ని స్వాగర్ యూఐ అందమైన పేజీగా చూపిస్తుంది. ప్రతి ఎండ్‌పాయింట్‌కీ ఒక రంగు డబ్బా, అందులో 'ట్రై ఇట్ అవుట్' బటన్. స్లాష్ రీడాక్ అని కొడితే అదే సమాచారం వేరే డిజైన్‌లో. సెటప్ అంటూ ఏమీ లేదు. ఫ్రేమ్‌వర్క్ ఇన్‌స్టాల్ చేస్తే డాక్స్ వచ్చేసినట్టే.

స్వాగర్, ఓపెన్‌ఏపీఐ రెండూ ఒకటేనా అని జూనియర్లు ఎప్పుడూ అడుగుతారు. 2010-11 ప్రాంతంలో వర్డ్‌నిక్ అనే ఆన్‌లైన్ డిక్షనరీ సైట్‌లో పనిచేసే టోనీ టామ్ తమ ఏపీఐ కోసం మొదలుపెట్టినది స్వాగర్. 2015లో అది స్మార్ట్‌బేర్ అనే కంపెనీ చేతికి వెళ్ళింది. అదే ఏడాది ఆ స్పెసిఫికేషన్‌ని లైనక్స్ ఫౌండేషన్ కింద ఒక సంస్థకి ఇచ్చారు, పేరు ఓపెన్‌ఏపీఐ అయింది. కాబట్టి ఇప్పుడు పద్ధతి పేరు ఓపెన్‌ఏపీఐ, దాని చుట్టూ ఉన్న కొన్ని టూల్స్ పేరు స్వాగర్. ఆఫీసులో మాత్రం అందరూ "స్వాగర్ లింక్ పంపు" అనే అంటారు. జెరాక్స్ కంపెనీ పేరు మన దగ్గర ఫోటోకాపీ అయిపోయినట్టు.

నేను బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో జావా కోర్సు చేసినప్పుడు పరిస్థితి ఇంత సుఖంగా లేదు. స్ప్రింగ్ బూట్‌లో స్వాగర్ పెట్టడానికి స్ప్రింగ్‌ఫాక్స్ అనే లైబ్రరీ చెప్పేవాళ్ళు. దాని చివరి వెర్షన్ 3.0.0 వచ్చింది 2020 జూలైలో. 2021 నవంబర్‌లో స్ప్రింగ్ బూట్ 2.6 వచ్చింది, అందులో అడ్రస్‌లని పోల్చే డీఫాల్ట్ పద్ధతి మార్చారు. అంతే, మెటీరియల్‌లో ఉన్నది ఉన్నట్టు కొడితే సర్వర్ లేవకుండానే నల్ పాయింటర్ ఎర్రర్. బ్యాచ్‌లో సగం మంది తమకి జావా రాదేమో అనుకున్నారు. ప్రాపర్టీస్ ఫైల్‌లో పాత పద్ధతికి మార్చే లైన్ ఒకటి పెడితే నడిచేది. అసలు మందు స్ప్రింగ్‌డాక్‌కి మారిపోవడం. స్ప్రింగ్ బూట్ 3 వాడేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, పాత వీడియోలు చూసి స్ప్రింగ్‌ఫాక్స్ జోలికి వెళ్ళొద్దు. స్ప్రింగ్‌డాక్ రెండో సిరీస్ స్టార్టర్ ఒక్క డిపెండెన్సీ పెట్టండి చాలు.

అంత కష్టపడి వచ్చినవాడిని కాబట్టి ఫాస్ట్‌ఏపీఐ డాక్స్ మొదటిసారి చూసినప్పుడు నాకు పండగలా అనిపించింది. "ఇక డాక్యుమెంటేషన్ అనే పనే లేదు" అని టీమ్ గ్రూప్‌లో మెసేజ్ కూడా పెట్టాను. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ ఇప్పటికీ కొందరి దగ్గర ఉంది.

ఇప్పుడు అసలు కథ. నేను పనిచేసేది మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ. కస్టమర్లు యాప్‌లో బుక్ చేసుకుంటారు, డబ్బు కడతారు, ఏదైనా కాన్సిల్ అయితే మా సపోర్ట్ వాళ్ళు రీఫండ్ చేస్తారు. సపోర్ట్ వాళ్ళ కోసం చిన్న ఆండ్రాయిడ్ యాప్ ఉంది. ఆ యాప్ నుంచి రీఫండ్ చేయడానికి ఏపీఐ నేను రాశాను. అందులో రెండే ఫీల్డులు: బుకింగ్ ఐడీ, అమౌంట్. అమౌంట్ టైపు ఇంటిజర్.

రేజర్‌పే, స్ట్రైప్ లాంటి పేమెంట్ గేట్‌వేలు మొత్తాన్ని ఆ కరెన్సీలో ఉన్న అతి చిన్న యూనిట్‌లో తీసుకుంటాయి. మన దగ్గర అంటే పైసల్లో. 450 రూపాయలంటే 45000 అని పంపాలి. దీనికి మంచి కారణమే ఉంది. కంప్యూటర్‌లో దశాంశ లెక్కలు సరిగ్గా రావు, 0.1కి 0.2 కలిపితే పైథాన్ మీకు 0.30000000000000004 అని చూపిస్తుంది. డబ్బు విషయంలో అది కుదరదు, అందుకే పూర్ణ సంఖ్యలు. నేను రోజూ గేట్‌వే కోడ్‌లో ఉండేవాణ్ణి కాబట్టి అమౌంట్ అంటే పైసలు అనేది నా తలలో ఎంత స్థిరపడిపోయిందంటే, దాన్ని ఎక్కడైనా రాయాలన్న ఆలోచనే రాలేదు.

డాక్స్ పేజీ ఏం చూపించింది? అమౌంట్, ఇంటిజర్, తప్పనిసరి. కింద నమూనా విలువ: 0. అంతే. అన్నీ కరెక్టే.

సపోర్ట్ యాప్‌లో ఆ స్క్రీన్ రాసింది మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి. మొదటి ఉద్యోగం. డాక్స్ చూసి, స్క్రీన్ మీద "రీఫండ్ మొత్తం" అని ఒక బాక్స్ పెట్టి, అందులో సపోర్ట్ వాళ్ళు కొట్టిన నంబర్‌ని అలాగే పంపింది. ఎవరైనా అదే చేస్తారు. టెస్టింగ్ అప్పుడు అందరం చూసింది 200 ఓకే వచ్చిందా లేదా అని. వచ్చింది. స్క్రీన్ మీద ఆకుపచ్చ టిక్ కూడా వచ్చింది.

శుక్రవారం సాయంత్రం రిలీజ్. (శుక్రవారం రిలీజ్ చేయకూడదని తెలుసు, చెప్పకండి.) సోమవారం పొద్దునకి 38 రీఫండ్లు వెళ్ళాయి, ప్రతిదీ వందో వంతే. కట్టిన దానికంటే ఎక్కువ వాపసు చేయమంటే గేట్‌వే ఒప్పుకోదు, ఎర్రర్ ఇచ్చేది, అప్పుడే దొరికిపోయేవాళ్ళం. తక్కువైతే అది పాక్షిక రీఫండ్, పూర్తిగా చెల్లే లావాదేవీ. ఎక్కడా ఎర్రర్ లేదు, లాగ్‌లో ఎర్ర గీత లేదు, అలర్ట్ లేదు.

మాకు తెలిసింది ఒక పెద్దాయన ఫోన్ చేస్తే. సపోర్ట్ వాళ్ళు ఆ కాల్ రికార్డింగ్ మాకు వినిపించారు. ఆయన అరవలేదు కూడా. "బాబూ, నాలుగున్నర రూపాయలు వేశారు, నాలుగు వందల యాభై కట్టాను నేను. చదువుకున్నవాళ్ళు, నాకు అర్థం కాని లెక్క ఏమన్నా ఉందా ఇందులో?" అన్నారు. లెక్కలో పొరపాటు తనదేమోనని ఆయన అనుమానం. ఆ మాట విన్నాక నాకు మధ్యాహ్నం అన్నం సహించలేదు.

తర్వాత మీటింగ్. లీడ్ ఆ అమ్మాయిని అడిగాడు, "డాక్స్ చూడలేదా?" అని. "చూశానన్నా. ఇంటిజర్ అని ఉంది" అంది. "గేట్‌వే పైసల్లో తీసుకుంటుందని తెలీదా?" "నేను గేట్‌వేని పిలవట్లేదు కదన్నా, మన ఏపీఐనే పిలుస్తున్నా." దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు. అయినా మీటింగ్ నోట్స్‌లో యాప్ వైపు పొరపాటు అని రాశారు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను, నోరు విప్పలేదు. డాక్స్ ఆటోమేటిక్‌గా వచ్చాయి కాబట్టి అవి తప్పు కావు, కోడ్‌లో ఉన్నదే చూపించాయి కాబట్టి బ్యాకెండ్ వైపు అంతా క్లియర్ అని నాకు నేనే చెప్పుకున్నాను. రెండు రోజుల తర్వాత సిగ్గుపడి లీడ్‌కి విషయం చెప్పి నోట్స్ మార్పించాను. రెండు రోజులు ఎందుకు పట్టిందని అడిగితే నా దగ్గర మంచి సమాధానం లేదు.

నా వాదన ఇక్కడే మొదలవుతుంది. ఆటోమేటిక్ డాక్యుమెంటేషన్‌కి టైపు తెలుసు, అర్థం తెలీదు. ఇంటిజర్ అని చెప్పగలదు, రూపాయలా పైసలా అనేది చెప్పలేదు, ఎందుకంటే అది కోడ్‌లో ఎక్కడా లేదు, రాసినవాడి తలలో ఉంది. చేత్తో రాసే రోజుల్లో డాక్స్ పాతబడిపోయేవి, తప్పులుండేవి, నిజమే. కానీ రాసేటప్పుడు "ఇది చదివేవాడికి ఏం కావాలి?" అని ఒక్క నిమిషమైనా ఆలోచించేవాళ్ళం. ఆటోమేటిక్ అయ్యాక ఆ నిమిషం కూడా పోయింది. పేజీ అందంగా కనిపిస్తుంది కాబట్టి పని అయిపోయిందనిపిస్తుంది. ఖాళీ పేజీ ఉంటే ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. నిండుగా కనిపించే పేజీని ఎవరూ అనుమానించరు.

పైగా ఈ పేజీ చెప్పనివి ఇంకా ఉన్నాయి. ఫాస్ట్‌ఏపీఐ ప్రతి ఇన్‌పుట్ ఉన్న ఎండ్‌పాయింట్‌కీ 422 ఎర్రర్‌ని తనంతట తానే డాక్స్‌లో పెడుతుంది. కానీ మీరు ఫంక్షన్ లోపల "బుకింగ్ దొరకలేదు" అని 404 విసిరితే, "ఇప్పటికే రీఫండ్ అయింది" అని 409 విసిరితే అవి డాక్స్‌లోకి రావు. మీరే రెస్పాన్సెస్ అనే పారామీటర్‌లో విడిగా చెప్పాలి. యాప్ రాసేవాళ్ళకి అసలు కావాల్సింది ఈ ఎర్రర్లే. అంతా బాగా జరిగితే ఏం చూపించాలో అందరికీ తెలుసు, బాగా జరగనప్పుడు యూజర్‌కి ఏ మెసేజ్ చూపించాలనేది కదా కష్టం. మీ ఫోన్‌లో "సంథింగ్ వెంట్ రాంగ్" అని తరచూ కనిపిస్తుందే, దాని వెనక ఇలాంటి డాక్స్ పేజీ ఒకటి ఉండే అవకాశం ఎక్కువ.

రెస్పాన్స్ సంగతీ అంతే. ఏం తిరిగి ఇస్తున్నారో టైపు రాయకుండా ఊరికే డిక్షనరీ తిరిగి ఇచ్చేస్తే, డాక్స్‌కి చూపించడానికి ఏమీ ఉండదు. మా పాత ఎండ్‌పాయింట్లలో సగం ఇలాగే ఉండేవి.

మరి ఏం చేశామంటే, మొదట ఫీల్డ్ పేరు మార్చాం. అమౌంట్ కాస్తా అమౌంట్ పైసా అయింది. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద రిపేర్ ఇదే. డిస్క్రిప్షన్ ఎవరూ చదవకపోవచ్చు, పేరు చదవకుండా కోడ్ రాయలేరు కదా. తర్వాత పైడాంటిక్ ఫీల్డ్‌లో డిస్క్రిప్షన్ పెట్టాం, 450 రూపాయల రీఫండ్‌కి 45000 అని ఉదాహరణ పెట్టాం. సున్నా బదులు ఆ ఒక్క 45000 కనిపించి ఉంటే ఆ అమ్మాయి ఆగి అడిగేది. సున్నా రూపాయలైనా సున్నాయే, పైసలైనా సున్నాయే. స్వాగర్ ఎంచుకున్న నమూనా విలువ ప్రపంచంలో యూనిట్ అక్కర్లేని ఒకే ఒక్క నంబర్, చూడండి.

ఇంకోటి, నాకు బాగా నచ్చింది. సర్వర్ తయారుచేసే ఆ ఓపెన్‌ఏపీఐ జేసన్ ఫైల్‌ని గిట్‌లో పెట్టాం. ఎవరు కోడ్ మార్చినా ఆ ఫైల్ కొత్తగా తయారై పుల్ రిక్వెస్ట్‌లో తేడా కనిపిస్తుంది, కనిపించకపోతే బిల్డ్ ఆగిపోతుంది. ఆ ఫైల్ మారితే యాప్ టీమ్‌లో ఒకరు ఓకే అనాల్సిందే. స్పెక్ట్రల్ అనే టూల్‌తో డిస్క్రిప్షన్ లేని ఫీల్డ్ ఉంటే ఎర్రర్ వచ్చేలా పెట్టాం. ఓఏఎస్‌డిఫ్ అనే ఇంకో టూల్, పాత యాప్ వెర్షన్లని పగలగొట్టే మార్పు ఏదైనా ఉంటే చెప్తుంది. ప్లే స్టోర్‌లో అప్‌డేట్ ఇచ్చినా సగం మంది చేసుకోరు, కాబట్టి ఇది మొబైల్ వాళ్ళకి ప్రాణం.

స్పెక్ట్రల్ పెట్టిన మొదటి వారం ఏమైందో కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినట్టు. అందరూ ఏఐ అసిస్టెంట్‌తో డిస్క్రిప్షన్లు రాయించేశారు. "బుకింగ్ ఐడీ: బుకింగ్ యొక్క ఐడీ." "అమౌంట్: రీఫండ్ చేయాల్సిన అమౌంట్." టూల్ పాస్, సమాచారం సున్నా. ఏఐ తప్పు కాదిది. దానికి కూడా కనిపించేది కోడే కదా, తలలో ఉన్నది కాదు. నంబర్ ఉన్న ప్రతి ఫీల్డ్‌కీ యూనిట్ రాయాలి, తేదీకి టైమ్ జోన్ రాయాలి అని మేం ఒక కాగితం మీద రాసుకున్నాం. అది మాత్రం మనిషే చూడాలి.

ఏఐ గురించి ఇంకో మాట. ఇప్పుడు ఏజెంట్లు అంటూ మన ఏపీఐలని నేరుగా పిలిచే ప్రోగ్రాములు వస్తున్నాయి. 2023లో చాట్‌జీపీటీ ప్లగిన్లు వచ్చినప్పుడే అవి ఓపెన్‌ఏపీఐ ఫైల్ చదివి పనిచేసేవి. మనిషికి అనుమానం వస్తే పక్క సీటుకి వచ్చి అడుగుతాడు. ఇంటిజర్ అని చూసిన ప్రోగ్రామ్ అడగదు, ఏదో ఒకటి అనుకుని పంపేస్తుంది.

ముందే యామల్ ఫైల్ రాసి, అందరూ ఒప్పుకున్నాకే కోడ్ రాయాలి, అప్పుడు ఈ గొడవే ఉండదు అని కొందరు సీనియర్లు అంటారు. బయటి కంపెనీలకి ఇచ్చే ఏపీఐ అయితే నేనూ అదే అంటాను. ఐదుగురున్న టీమ్‌లో మాత్రం మూడో వారానికి యామల్ ఒక దారి, కోడ్ ఒక దారి అయిపోతాయి. చూశాను. మాకు కోడ్ నుంచి రావడమే నయం, కానీ వచ్చినదాన్ని చదవాలి.

సెటప్ చేసేవాళ్ళకి రెండు చిన్న సంగతులు, ఎక్కడా కలవవు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ఫాస్ట్‌ఏపీఐ డాక్స్ పేజీకి కావాల్సిన స్వాగర్ ఫైళ్ళు డీఫాల్ట్‌గా ఇంటర్నెట్‌లోని సీడీఎన్ నుంచి వస్తాయి. బయటి నెట్ లేని ఆఫీస్ నెట్‌వర్క్‌లో పెడితే తెల్ల పేజీ వస్తుంది, మీ కోడ్ తప్పు కాదు, ఆ ఫైళ్ళు మీ సర్వర్‌లోనే పెట్టుకోవాలి. రెండోది, ప్రొడక్షన్‌లో స్లాష్ డాక్స్ అందరికీ తెరిచి పెట్టకండి. ఓపెన్‌ఏపీఐ యూఆర్ఎల్‌ని నన్ అని ఇస్తే ఆ జేసన్‌తో పాటు రెండు డాక్స్ పేజీలూ ఆగిపోతాయి. అలాగని దాచేస్తే సేఫ్ అనుకోవద్దు. తాళం లేని గదికి బోర్డు తీసేసినంత మాత్రాన దొంగ రాడా? ఎండ్‌పాయింట్‌కి లాగిన్ చెక్ ఉండాల్సిందే.

38 మందికీ మిగతా డబ్బు ఆ వారంలోనే వేశాం. ఆ పెద్దాయనకి 445 రూపాయల 50 పైసలు. ఫోన్ నేనే చేశాను. "లెక్క మీదే కరెక్ట్ సార్, తప్పు మాది" అన్నాను. "సరేలే నాయనా, ఇంకెవరికన్నా ఇలా పడిందేమో చూడు" అని పెట్టేశారు.

ఆ అమ్మాయి ఇప్పుడు మా జేసన్ ఫైల్ మార్పులు ఓకే చేసే మనిషి. నాకంటే కఠినం. పోయిన వారం బుకింగ్ కాన్సిల్ చేసే ఎండ్‌పాయింట్ ఒకటి పంపాను. డిస్క్రిప్షన్లు, ఉదాహరణలు, 404, 409 అన్నీ పెట్టి, ఈసారి వంక పెట్టడానికి ఏమీ ఉండదనుకున్నాను. పది నిమిషాల్లో కామెంట్ వచ్చింది: "అన్నా, క్యాన్సిల్డ్ ఎట్ అని టైమ్ ఉంది, ఇది ఐఎస్‌టీనా, యూటీసీనా?"

జవాబు నాకే తెలీదు. కోడ్ తెరిచి వెతకాల్సి వచ్చింది.